జాగ్రత్త చెప్తే సరిపోతుందా?

2025 ఫిబ్రవరి 27 సాయంత్రం, చండీగఢ్‌లో ఉన్న రక్షణశాఖ పరిశోధనాసంస్థ డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఉత్తరాఖండ్ కొండజిల్లాలకు ఒక హెచ్చరిక పంపింది. చమోలీ, ఉత్తరకాశీ, రుద్రప్రయాగ, పిథోరాగఢ్, బాగేశ్వర్ జిల్లాల్లో 2,400 మీటర్లకు పైన ఉన్న చోట్ల రాబోయే 24 గంటల్లో మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉందని దాని సారాంశం. మర్నాడు తెల్లవారుజామున చమోలీ జిల్లాలో, బదరీనాథ్ దాటాక వచ్చే మానా గ్రామం దగ్గర, సరిహద్దు రహదారుల సంస్థ కార్మికుల శిబిరం మీద మంచు విరిగిపడింది. మానా ఎత్తు దాదాపు 3,200 మీటర్లు. ఇనుప కంటైనర్లలోనూ ఒక షెడ్డులోనూ ఉన్న 54 మంది మంచు కింద చిక్కుకున్నారు. సైనికులు, సహాయక బృందాలు మూడు రోజులు వెతికి 46 మందిని కాపాడాయి. ఎనిమిదిమంది చనిపోయారు.

ఈ వార్త చదివినప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలటం లేదు. ఆ హెచ్చరిక తప్పు కాలేదు. జిల్లా, ఎత్తు, గడువు మూడూ చెప్పింది. మూడూ నిజమయ్యాయి. కొండ ఏం చేయబోతోందో ముందురోజు సాయంత్రమే ఇంత స్పష్టంగా చెప్పగలగటం శాస్త్రం సాధించిన విజయమే. అయినా ఆ రాత్రి ఆ మనుషులు అక్కడే పడుకున్నారు. తెలిసిన ప్రమాదాన్ని చెప్పేశాక చెప్పినవారి బాధ్యత ఎక్కడ ఆగుతుంది? విన్నవారికి కదిలే వీలు లేనప్పుడు దాన్ని హెచ్చరిక అనవచ్చా? నేను సాహిత్య విద్యార్థిని. నాకు తెలిసింది మాటల గురించే. అందుకని ఈ ప్రశ్నని మాటవైపు నుంచే తడిమి చూస్తాను.

ముందు మంచు సంగతి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దవాళ్ళు అంటారు. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. దేశం మొత్తం సగటు ఉష్ణోగ్రత చూస్తే, 1901 నుంచి నమోదైన ఫిబ్రవరి నెలలన్నిటిలోకీ ఆ నెలే వేడైనదని తర్వాత వాతావరణ శాఖ ప్రకటించింది. మైదానంలో ఉండే మనకు చలి ముందుగా పోవటమంటే దుప్పట్లు ఉతికి అటక మీద పెట్టటం, మామిడి పూత నిలుస్తుందో లేదోనని కాస్త దిగులుపడటం. కొండమీద దాని అర్థం వేరు.

మంచు ఒక్క ముద్దగా ఉండదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. ప్రతి పొరలోనూ అది పడిన రోజు తాలూకు చలి, గాలి, ఎండ దాగి ఉంటాయి. శీతాకాలం మొదట్లో మంచు పలచగా పడి, ఆ తర్వాత చాలారోజులు ఆకాశం నిర్మలంగా ఉంటే, కింద నేల వెచ్చదనానికీ పైన గాలి చల్లదనానికీ మధ్య ఆ పలచటి పొరలోని రేణువులు పంచదార పలుకుల్లా మారిపోతాయి. ఒకదాన్నొకటి పట్టుకోవు. ఆ తర్వాత ఆలస్యంగా, ఒక్కపెట్టున, బరువైన మంచు దానిమీద పడితే అది జారటానికి సిద్ధంగా కూర్చున్నట్టే. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే చాలు. దానికి తోడు వేళకాని వేడి వచ్చినా, మంచు పడాల్సిన చోట వాన పడినా, నీళ్ళు పొరల్లోకి ఇంకి ఉన్న కాస్త పట్టునూ సడలిస్తాయి. మంచు తక్కువ పడిన ఏడాది ప్రమాదమూ తక్కువేనని అనుకుంటాం. వెచ్చటి శీతాకాలం ఆ లెక్కని తలకిందులు చేస్తుంది.

2018లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం హిమాచల్ ప్రదేశ్ కొండవాలుల్లోని చెట్లని ఆధారం చేసుకుంది. మంచు విరుచుకుపడినప్పుడు చెట్టు వంగుతుంది, చీరుకుపోతుంది. ఆ గాయం ఆ ఏటి వలయంలో మిగిలిపోతుంది. అలా నూట యాభై ఏళ్ళ చరిత్రని చెట్ల లోపలి నుంచి రాబట్టి, శీతాకాలం చివర్లో పెరుగుతున్న వేడి పశ్చిమ హిమాలయాల్లో ఈ ప్రమాదాన్ని పెంచుతోందని వాళ్ళు తేల్చారు. పొడిమంచు తడిమంచుగా మారటమే అందులో కీలకమని చెప్పారు. అధికారిక రికార్డు లేనిచోట గాయపడిన దేహమే సాక్ష్యం పలుకుతుందన్నది స్త్రీల ఆత్మకథలు చదివే మనకి కొత్త విషయం కాదు. నేను ఆ అధ్యయనాన్ని ఆ దృష్టితోనే చదివాను.

ఇంత పెద్ద ప్రమాదానికి మన భాషలో సొంత మాట లేదు. హిమపాతం అంటే మంచు కురవటం. పత్రికలు దాన్నే మంచు విరిగిపడటానికీ వాడేస్తున్నాయి. నెమ్మదిగా, అందంగా రాలే మంచుకీ ఊపిరి తీసే మంచుకీ ఒకటే మాట! కొండచరియల నుంచి అరువు తెచ్చుకుని 'మంచుచరియలు' అంటున్నాం, అది కాస్త నయం. మంచు లేని నేలకి మంచు మాటలు లేకపోవటం సహజమే. కానీ మాట లేకపోవటానికి ఒక ఫలితం ఉంటుంది. చనిపోయిన మనిషి మనకి దూరమైపోతాడు. అది ఎక్కడో జరిగిన వార్త అవుతుంది.

మరి మాటలు ఎక్కువగా ఎవరి దగ్గర ఉన్నాయి? ఆల్ప్స్ కొండల దేశాల దగ్గర. అక్కడ రోజూ సూచనలు వెలువడతాయి. ఐరోపా దేశాలు 1993 నుంచి అయిదు మెట్ల ఉమ్మడి కొలమానం వాడుతున్నాయి. ఏ దిక్కు వాలు, ఏ ఎత్తు, ఎండ ఎక్కిన తర్వాత ఎంత ప్రమాదం అన్నీ చెబుతారు. ఆ సూచనలు చదివితే వాటిని వినే మనిషి ఎవరో కూడా కనిపిస్తాడు. అతను స్కీయింగ్‌కి వచ్చినవాడు. ఇవాళ వెళ్ళాలా, రేపు వెళ్ళాలా, అసలు మానేసి బసలోనే వేడి కాఫీ తాగుతూ కూర్చోవాలా అని నిర్ణయించుకోగలిగినవాడు. వినోదానికి వెళ్ళి ప్రమాదంలో పడ్డవాళ్ళ లెక్కలు చూస్తే, పదింట తొమ్మిదిసార్లు మంచుని కదిలించింది ఆ మనిషో, అదే జట్టులోని మరొకరో అయి ఉంటారు. అందుకే అక్కడి శిక్షణంతా నిర్ణయం చుట్టూ తిరుగుతుంది. నీ దురాశని గమనించుకో, నీ జట్టులో అనుమానం వ్యక్తం చేసిన మనిషి మాట విను, వెనక్కి తిరగటం నేర్చుకో అంటారు. మంచి నీతే అది. స్వేచ్ఛ ఉన్న మనిషికి చెప్పవలసిన నీతి.

మానాలో ఉన్న 54 మంది ఆ కొండని కదిలించలేదు. సరదాకి ఎక్కలేదు. మానా నుంచి మానా కనుమ దాకా సైన్యం రాకపోకల కోసం దారిమీది మంచు తొలగించే పని వాళ్ళది. బీహార్, ఉత్తరప్రదేశ్, హిమాచల్ లాంటి రాష్ట్రాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు చాలామంది. అదే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు ఆ నెలలో అక్కడ ఉండరు. చలికాలం రాగానే ఇళ్ళకి తాళాలు వేసి, పశువులతో, పిల్లలతో కింది ఊళ్ళకి దిగిపోవటం మానా వాళ్ళకి తరతరాల అలవాటు. బదరీనాథ్ గుడి కూడా నవంబరులో మూసేస్తారు. ఉత్సవమూర్తులు పాండుకేశ్వర్‌కి దిగి వస్తాయి. చార్‌ధామ్ యాత్ర చేసిన మన తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. ఊరు దిగిపోయింది, దేవుడు దిగిపోయాడు. కూలివాడు మాత్రం ఎక్కాడు. కొండ గురించి తరాలు పోగుచేసుకున్న జ్ఞానం, చండీగఢ్ శాస్త్రజ్ఞుల జ్ఞానం రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు కూడా ఆ మాట ఆ 54 మందికి వర్తించలేదు. ఎందుకంటే వాళ్ళు ఎక్కడ పడుకోవాలో నిర్ణయించేది వాళ్ళు కాదు.

ఇది ఒక్కసారి జరిగింది కూడా కాదు. 2021 ఏప్రిల్ 23న అదే చమోలీ జిల్లాలో, నీతీ లోయ వైపు సుమ్నా దగ్గర, అదే సంస్థ కార్మిక శిబిరాల మీద మంచు విరిగిపడింది. 384 మందిని కాపాడారు. పదిమందికి పైగా చనిపోయారు. నాలుగేళ్ళలో ఒకే జిల్లాలో రెండుసార్లు. రెండోసారి జరిగినప్పుడు కొండని తప్పు పట్టటం తగ్గించాలి.

ఇక్కడ నేను మన మాట దగ్గరికి వస్తాను. గుమ్మం దాటే ప్రతి మనిషికీ మనం చెప్పే మాట 'జాగ్రత్త'. సంస్కృతంలో 'జాగ్రత్' అంటే మేలుకొని ఉన్న స్థితి. తెలుగులోకి వచ్చేసరికి అది ప్రేమ అయింది, పొదుపు అయింది, బెదిరింపు కూడా అయింది. డబ్బు జాగ్రత్త చేయటం, బిడ్డని జాగ్రత్తగా పట్టుకోవటం, 'జాగ్రత్త, నా సంగతి నీకు తెలీదు' అనటం అన్నీ ఆ మాటతోనే. దానికి వ్యతిరేకపదం 'అజాగ్రత్త'. ఈ రెండో మాటని నేను మొదట విన్నది బడిలో కాదు.

మాది అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల పక్క. నాపరాళ్ళ గనుల ప్రాంతం. మా నాయన గనిలో రాయి తీసేవాడు. పొద్దున ఆయన బయల్దేరేటప్పుడు మా అమ్మ "పైన సూసుకో" అనేది. అంతే. పైన అంటే తలమీద వేలాడే బండ అంచు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆ అంచు విరిగి మా నాయనతోపాటు పనిచేసే మనిషి చనిపోయాడు. వాన పడి బండ నానిందని, రెండు రోజులు పని ఆపమని వాళ్ళు అంతకుముందే అడిగి ఉన్నారు. గని దగ్గర 'ప్రమాదం, జాగ్రత్త' అని ఎర్రరంగుతో రాసిన రేకు ఒకటి ఉండేది. విచారణ కాగితంలో 'మృతుడి అజాగ్రత్త' అని రాశారు. చనిపోయిన మనిషి భార్యకి చదువు రాదు. ఆ కాగితం మా ఇంటికి తెచ్చి నాతో చదివించుకుంది. చదివాక "అంటే ఏందే పాపా?" అని అడిగింది. మా అమ్మ నాకంటే ముందు జవాబు చెప్పింది: "ఆయప్పదే తప్పంట."

ఆ రేకు ఎవరి కోసం కట్టారో నాకు చాలాకాలం తర్వాత అర్థమైంది. రేకు కింద నడిచేవాళ్ళకి చదువు రాదు. చదువొచ్చినా వెనక్కి పోతే ఆ రోజు కూలి లేదు. ఆ రేకు విచారణ కోసం కట్టింది. చెప్పాం కదా అని చూపించటానికి కట్టింది. ప్రమాదంలో ఉన్న మనిషి కోసం కాక, ప్రమాదం తర్వాత ప్రశ్నించబడే మనిషి కోసం తయారైన హెచ్చరికలు ఉంటాయి. అవి బాధ్యతని పంచుకోవు, చేతులు మార్చేస్తాయి.

మా జిల్లాకి మంచు వార్త ఒకసారి శవపేటికగా కూడా వచ్చింది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ శిబిరం మీద మంచుగోడ విరిగిపడి మద్రాస్ రెజిమెంట్‌కి చెందిన పదిమంది కూరుకుపోయారు. వాళ్ళలో ఒకతను కర్నూలు జిల్లా సిపాయి. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీసిన హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న చనిపోయారు. అప్పుడు పత్రికల నిండా వీరమరణం, త్యాగం అన్న మాటలే. ఆ మాటల వెనక ఉన్న గౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒకటి గమనించాను. సిపాయి చనిపోతే త్యాగం అంటాం. కూలివాడు చనిపోతే నష్టపరిహారం అంటాం. గని కార్మికుడిని, రాత్రిపూట రోడ్డుమీద ఉన్న ఆడపిల్లని మాత్రం అజాగ్రత్త అంటాం. మూడు మాటలూ ఒకే పని చేస్తున్నాయి. ఆ మనిషిని ఆ చోట ఎవరు ఉంచారన్న ప్రశ్నని అడగనివ్వకుండా అడ్డుపడుతున్నాయి.

ఆడపిల్ల మాట వచ్చింది కాబట్టి, నాకు నేనే ఒక ఎదురు ప్రశ్న వేసుకోవాలి. ప్రమాదం ఉంది కనుక వెళ్ళొద్దు అనే మాటని స్త్రీలుగా మనం నమ్మటం మానేశాం. అందుకు కారణాలున్నాయి. నేను పీహెచ్‌డీ చేసిన రోజుల్లో మా హాస్టల్లో ఒక కాగితం మీద సంతకం చేయించుకునేవారు. రాత్రి తొమ్మిది దాటాక బయట ఏం జరిగినా నాదే బాధ్యత అని. గ్రంథాలయం పదకొండు దాకా తెరిచే ఉండేది. గ్రంథాలయం నుంచి హాస్టల్ దాకా ఉన్న దారిలో దీపాలు వేయించమని మేం రాసిచ్చిన విన్నపం ఏమైందో తెలీదు. సంతకాల కాగితాలు మాత్రం భద్రంగా, జాగ్రత్తగా, ఫైల్లో ఉండేవి. చట్టాల్లోనూ ఇదే వరస. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో పనిచేయకూడదంది. 1952 గనుల చట్టం భూగర్భంలోకి దిగొద్దంది. కాపాడటం పేరుతో పని లాక్కోవటం అది. భద్రమైన చోటుని తయారుచేయటం ఖర్చుతో కూడుకున్నది, మనిషిని బయట ఉంచటం చవక.

అలాంటప్పుడు కూలివాళ్ళని కొండ ఎక్కనివ్వొద్దు అనటం కూడా అదే తప్పు కాదా? వాళ్ళ కూలి ఏమవుతుంది? పని లేని నెలలో వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎవరి దగ్గర అప్పు చేయాలి? ఇంకోవైపు నుంచి చూస్తే, ఆ దారి తెరిచి ఉండటం అవసరం కూడా. సరిహద్దులో ఉన్నవాళ్ళకి తిండి చేరాలి. కొండ ఊళ్ళలో నెలలు నిండిన మనిషిని కిందికి దించటానికి కూడా రోడ్డే కావాలి. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ అన్నీ ఆపేయమనటం తేలిక. నాలాగా నగరంలో కూర్చుని రాసేవాళ్ళకి ఇంకా తేలిక.

ఈ చిక్కుముడి దగ్గర నాకు జోన్ ట్రాంటో ఆలోచన సాయపడింది. 1993లో వచ్చిన 'మోరల్ బౌండరీస్' పుస్తకంలో ఆమె సంరక్షణని ఒక మంచి గుణంగా కాక ఒక పనిగా, దశలున్న పనిగా వివరించింది. అవసరాన్ని గమనించటం మొదటి దశ. దాన్ని తీర్చే బాధ్యత తీసుకోవటం రెండో దశ. చేతులతో ఆ పని చేయటం మూడో దశ. అందుకున్న మనిషికి అది నిజంగా అందిందా అని తెలుసుకోవటం నాలుగో దశ. గమనించటంతోనే ఆగిపోయి, మిగిలిన పనిని కిందివాళ్ళ మీదికి నెట్టేయగలగటం అధికారం ఉన్నవాళ్ళ సౌకర్యమని ఆమె అంటుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు "మందు వేశారా?" అని అడిగేవాళ్ళు ఎవరో, లేచి వేసేవాళ్ళు ఎవరో మనకి బాగా తెలుసు.

ఈ కొలతతో చూస్తే ఫిబ్రవరి 27 నాటి హెచ్చరిక మొదటి దశ. అది నిష్కర్షగా, సమర్థంగా జరిగింది. శాస్త్రజ్ఞుల పని వాళ్ళు చేశారు. రెండో దశ నుంచి నాలుగో దశ దాకా ఎవరి పని? ఆ శిబిరం మంచు జారే దారిలో ఉందా లేదా అని చూడటం, ఆ సాయంత్రం బండ్లు పెట్టి మనుషుల్ని కిందికి దించటం, దించిన రోజులకి కూలి కోయకపోవటం, అందరూ దిగారో లేదో తలలు లెక్కపెట్టటం. ఇవన్నీ మామూలు పనులు, గొప్ప సాంకేతిక జ్ఞానం అక్కర్లేని పనులు. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనుల్లాగే ఇవీ కంటికి ఆనవు, అందుకే వీటికి బాధ్యులెవరో ఎక్కడా రాసి ఉండదు.

కార్మికుడి వైపు నుంచి చట్టం ఎంత ఇచ్చిందో కూడా చూడాలి. 1984 భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి ఒక సవరణ చేశారు. ప్రమాదకరమైన ప్రక్రియలుండే ఫ్యాక్టరీల్లో ప్రమాదం ముంచుకొస్తోందని అనుమానం కలిగితే హెచ్చరించే హక్కు కార్మికులకి ఇచ్చారు. హెచ్చరించే హక్కు! విని నిర్ణయించేది యాజమాన్యమే. మా గనిలో ఆ మనుషులు వాడుకున్నది చట్టం రాయకపోయినా ఉన్న ఆ హక్కునే. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం ఒకడుగు ముందుకి వేసింది. ప్రాణాలకి తక్షణ ప్రమాదం ఉందని నమ్మటానికి తగిన కారణం ఉండి పని వదిలి బయటికొచ్చిన మనిషిని శిక్షించకూడదంది. చెప్పే హక్కుకీ కదిలే హక్కుకీ మధ్య ఉన్న ఈ దూరంలోనే మనుషులు చనిపోతున్నారు.

చమోలీ జిల్లాలో హెచ్చరించిన ఆడవాళ్ళ కథ మన ఉద్యమ చరిత్రలో ఉన్నదే. రైణీ గ్రామం అక్కడిదే. 1974 మార్చి 26న మగవాళ్ళు ఊళ్ళో లేని సమయంలో చెట్లు కొట్టటానికి వచ్చినవాళ్ళని గౌరాదేవి, ఆమె వెంట ఉన్న ఆడవాళ్ళు అడ్డుకున్నారు. చిప్కో అనగానే చెట్టుని కావలించుకున్న స్త్రీ బొమ్మే మనకి గుర్తొస్తుంది. కానీ వాళ్ళు చెప్పింది ఒక హెచ్చరిక. అడవి పోతే కొండ మన మీద పడుతుంది అని. 2021 ఫిబ్రవరి 7న రైణీ పైన రోంటీ శిఖరం నుంచి రాయి, మంచుగడ్డ కలిసిన ఒక చరియ ఊడిపడింది. దాని పరిమాణం 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లు. ఎక్కువ భాగం రాయే. అయిదో వంతు ఉన్న మంచుగడ్డ పడే వేగానికి రాపిడితో కరిగి బురదవరదగా మారింది. రిషిగంగ జలవిద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది, తపోవన్ దగ్గర కడుతున్న ప్రాజెక్టు ధ్వంసమైంది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. చాలామంది ఆ ప్రాజెక్టుల కార్మికులే. ఆ తర్వాత ఆ ప్రాజెక్టుల అనుమతులు రద్దు చేయమని రైణీ, ఆ చుట్టుపక్కల వాళ్ళు అయిదుగురు హైకోర్టుకి వెళితే, 2021 జూలైలో న్యాయస్థానం వాళ్ళ ఉద్దేశాల్ని శంకించి పిటిషన్ కొట్టేసింది. ఒక్కొక్కరికి పదివేల రూపాయల జరిమానా వేసింది. పైనుంచి కిందికి వచ్చే హెచ్చరిక వినకపోతే అజాగ్రత్త. కింది నుంచి పైకి వెళ్ళే హెచ్చరికకి జరిమానా.

ఆ ఫిబ్రవరి ఉదయం పనిచేసిన హెచ్చరిక ఒకటుంది. ఎత్తున ఉన్న ఊళ్ళో ఆరుబయట పని చేసుకుంటున్న ఒక స్త్రీ వరద దూసుకు రావటం చూసింది. ఆమె కొడుకు కింద తపోవన్ ప్రాజెక్టు దగ్గర పనిలో ఉన్నాడు. ఫోన్ చేసి పారిపొమ్మని అరిచింది. అతను మొదట నమ్మలేదు, వేళాకోళం అనుకున్నాడు. ఆమె మళ్ళీ చేసింది. అతను, అతనితోపాటు దాదాపు పాతికమంది, పైకి పరుగెత్తి బతికారు. పత్రికలు దీన్ని మాతృప్రేమ అని రాశాయి. ప్రేమ ఉంటుంది, కాదనను. కానీ ఆ పేరు పెట్టి పక్కన పెట్టేస్తే ఆమె చేసిన పని కనపడకుండా పోతుంది. ఆమెకి నది తెలుసు. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలుసు. మొదటిసారి నమ్మనప్పుడు 'చెప్పాను కదా, ఇక వాడిష్టం' అనుకోలేదు. వాళ్ళు కదిలేదాకా చెబుతూనే ఉంది. ట్రాంటో చెప్పిన నాలుగు దశలూ ఆ ఫోన్‌లో ఉన్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పాతికమందికి ఎవరినీ అనుమతి అడగకుండా పరుగెత్తటానికి పైకి దారి ఉంది.

జాగ్రత్త అంటే మేలుకొని ఉండటం కదా. తెల్లవారుజామున నిద్రలో ఉన్న కూలివాడిని మేలుకొని ఉండమనలేం. పగలంతా మంచు తవ్విన ఒళ్ళు అది. అతని బదులు మేలుకొని ఉండవలసినవాళ్ళు వేరే ఉన్నారు. ప్రమాదం ముందుగా ఎవరికి తెలిసిందో, మనుషుల్ని కదిలించే బండ్లూ డబ్బూ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళు. 'జాగ్రత్త' అన్న క్షణాన ఆ మాట వాళ్ళకి ఆజ్ఞ అవుతుంది. ఎదుటి మనిషి సురక్షితంగా ఉన్నాడని తెలిసేదాకా వాళ్ళు పడుకోవటానికి లేదు. మన అమ్మలు గుమ్మంలో జాగ్రత్త చెప్పి లోపలికి వెళ్ళి నిద్రపోయేవాళ్ళు కాదు. ఆ మేలుకోవటాన్ని ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ స్వభావం అన్నారు. దాన్ని సంస్థల కర్తవ్యం చేయమని అడగటం స్త్రీవాదం చేయవలసిన పని అని నాకనిపిస్తుంది.

వెచ్చటి ఫిబ్రవరులు ఇంకా వస్తాయి. చండీగఢ్ నుంచి హెచ్చరికలూ వస్తాయి. వాటిలో జిల్లా, ఎత్తు, గడువుతో పాటు ఇంకో నాలుగు వాక్యాలు ఉండాలి. ఏ ఏ శిబిరాలు ఈ రాత్రి ఖాళీ చేయాలి, బండి ఎన్నింటికి వస్తుంది, ఆగిన రోజులకి కూలి ఎవరిస్తారు, అందరూ దిగారని సంతకం పెట్టేది ఎవరు. ఆ సంతకం కూలివాడిది కాకూడదు.